అందరికీ తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది

ప్రెస్సులో ఆమెను అందరూ లేబులమ్మ అనే పిలిచేవారు. ఇరవై నాలుగేళ్లుగా ఆమె గీసినవన్నీ లేబుళ్లే మరి. ఫినాయిలు డబ్బా మీద తళతళలాడే గచ్చు, సబ్బు అట్ట మీద నిమ్మకాయ, దగ్గు మందు సీసా మీద గొంతు పట్టుకున్న పెద్దమనిషి, అన్నీ ఆమె చేతి చలవే. అయితే ఊహించి గీయడం ఆమెకు బొత్తిగా చేతకాదు. నిమ్మకాయ గీయాలంటే బల్ల మీద నిమ్మకాయ ఉండాలి. దగ్గు మందు కోసం వాళ్లాయన్ని మూడు సాయంత్రాలు గొంతు పట్టించి కూర్చోబెట్టింది. ఆ లేబులు పన్నెండేళ్లు నడిచింది. నీటి పన్ను ఆఫీసులో గుమాస్తా అయిన ఆ మహానుభావుడు ఎక్కడికి వెళ్లినా, "ఏమండీ, దగ్గు తగ్గిందా?" అని అడిగేవాళ్లు ఇప్పటికీ తగులుతూనే ఉన్నారు.

అలాంటి మనిషిని ఒక సోమవారం పొద్దున యజమాని తన గాజు గదిలోకి పిలిచి, "ఇవాళ్టి నుంచి నువ్వు రాక్షసుల్ని గియ్యాలమ్మా," అన్నాడు.

యజమానిని అందరూ పెద్దాయన అంటారు. ఆయన మాటకు కారణం లేకపోలేదు. ఈమధ్య సీసాల మీదే బొమ్మలు అచ్చయి వచ్చేస్తుండడంతో లేబుళ్ల బేరం పలచబడింది. ఇంట్లో చూస్తే మనవరాలు ఎంతసేపూ కొన్ని అట్టముక్కలు పట్టుకుని కూర్చుంటోంది. ఒక్కో ముక్క మీద ఒక వింత జీవి, కింద దాని బలం. ఇద్దరు పిల్లలు చెరో ముక్కా వేస్తారు, బలం ఎక్కువున్నది గెలుస్తుంది. తమ దగ్గర లేనివాటిని ఒకరితో ఒకరు మార్చుకుంటారు. ఆ మాయలో పడితే అన్నానికి పిలిచినా వినబడదు.

"అట్ట మనదే, సిరా మనదే, కటింగ్ మిషను మనదే. ఇక లేనిది రాక్షసులేగా!" అని తేల్చేశాడు పెద్దాయన.

"ఎంతమంది కావాలండీ?"

"అరవై. చక్రవర్తులు, దళపతులు, మంత్రగత్తెలు, అన్ని రకాలూ ఉండాలి. పిల్లలు జడుసుకోవాలి, కానీ ఏడవకూడదు."

లేబులమ్మ తన బల్ల దగ్గరికొచ్చి ఖాళీ కాగితం కేసి గంటసేపు చూసింది. నిమ్మకాయంటే బజారులో దొరుకుతుంది. చక్రవర్తిని ఎవరు తెచ్చి బల్ల మీద పెడతారు? దిక్కుతోచక తలెత్తింది. గాజు గదిలో పెద్దాయన ఫోనులో ఎవరినో దులిపేస్తున్నాడు. మెడ నరాలు ఉబ్బాయి. కనుబొమలు ఒకదాన్నొకటి పొడుచుకుంటున్నాయి. పెన్సిలు దానంతటదే కదిలింది. మధ్యాహ్నానికల్లా పన్నెండు కొండల చక్రవర్తి తయారు.

ఆ తరవాత ఇక వెతుక్కునే పని లేకపోయింది. అమ్మకాలు చూసే పెద్దాయన బావమరిది నోరు తెరిస్తే మూసేవాడు కాదు. అతను బుగ్గల నిండా గాలి పట్టి ఊదే తుఫాను దళపతి అయ్యాడు. ఏది అడిగినా తల అడ్డంగా ఊపే లెక్కలాయన గుహ వాకిట్లో కాపలా భూతం అయ్యాడు. మెట్లు తుడిచే ఆయమ్మ సంగతి సరేసరి. తడి ఆరేదాకా ఆమె మెట్టు మీద కాలు పెట్టనివ్వదు. పెద్దాయనంతటివాడు కూడా చెప్పులు చేత్తో పట్టుకుని కింద నిలబడాల్సిందే. ఆమెను మెట్ల మంత్రగత్తెను చేసింది.

బలాలు నిర్ణయించడం బొమ్మ గీయడమంత తేలిక కాదని లేబులమ్మకు ఇంటికెళ్లాకే తెలిసింది. పాత అట్టపెట్టె కోసి ముక్కలు చేసి, ఒకటి నుంచి పది దాకా అంకెలు వేసి, రోజూ సాయంత్రం మొగుడితో ఆడింది. పదులు ఎక్కువైతే ఆట మొదటి ముక్కకే చప్పబడేది. ఒకట్లు ఎక్కువైతే ఎంతకీ తెమిలేది కాదు. ఆయన ఓడిపోయిన రోజున మూతి ముడుచుకుని పడుకునేవాడు. గెలిచిన రోజున కంచాలు తనే తీసేవాడు. ఇలా నలభై సాయంత్రాలు గడిచాక అంకెలు ఒక దారికొచ్చాయి.

"ఇంతమందిని పెట్టావు, నన్నెక్కడా పెట్టలేదేం?" అన్నాడాయన ఒకరోజు.

"మీరు ఇప్పటికే ఒక సీసా మీదున్నారుగా," అంది లేబులమ్మ.

నమూనా ముక్కలన్నీ అచ్చువేసి గోడకు అంటించిన రోజున అసలు కథ మొదలైంది. పెద్దాయన చేతులు వెనక్కి కట్టుకుని వరసగా చూసుకుంటూ వచ్చి, చక్రవర్తి ముందు ఆగాడు.

"ఏడా? నాకు ఏడేనా?"

"మీకు కాదండీ, చక్రవర్తికి."

"చక్రవర్తికి ముక్కు మీద పుట్టుమచ్చ ఎందుకుంది?"

ఉద్యోగం ఊడిందనే అనుకుంది లేబులమ్మ. కానీ పెద్దాయన బొమ్మ కేసి ఇంకాస్త వంగి, కోర పళ్లను మురిపెంగా చూసుకుని, "పోలిక బాగా కుదిరింది. పది చెయ్యి," అని వెళ్లిపోయాడు.

ఈ వార్త టీ వేళకల్లా ప్రెస్సంతా పాకింది. బావమరిది పరుగున వచ్చాడు. "మా బావకి పదీ, నాకు ఐదూనా? సరుకు అమ్మేదెవరు, గదిలో కూర్చునేదెవరు? పన్నెండు వెయ్యి." వేసింది. పెద్దాయన చూసి తనకు ఇరవై చేయించుకున్నాడు. బావమరిది వంద అన్నాడు. ఎవరు ఏమడిగినా లేదనే లెక్కలాయన, తన విషయానికి వచ్చేసరికి సిగ్గు లేకుండా ఐదువందలు అడిగాడు. గోడ మీదున్న పుట్టగొడుగు భూతం తన పోలికే అని కటింగ్ మాస్టారికి ఎవరో చెప్పారట. నిజానికి అది వట్టి పుట్టగొడుగే. ఆయన కూడా వెయ్యి లేందే కత్తెర పట్టనని భీష్మించుకు కూర్చున్నాడు.

చివరికి సమావేశం పెట్టారు. బలం లక్ష దాటించాలని బావమరిది పట్టుబట్టాడు. కటింగ్ మాస్టారు ముక్క చేత్తో పట్టుకుని, "బలం వేసే గడిలో నాలుగు అంకెలకు మించి పట్టవండీ. గడి పెంచితే ముఖం కప్పబడిపోతుంది," అన్నాడు. ముఖం కప్పబడిపోతుందనేసరికి అందరూ చల్లబడ్డారు. ఎవరి మనసూ నొప్పించకుండా, గడిలో పట్టే అంకెల్లో పెద్దది అందరికీ ఇవ్వాలని తీర్మానం అయింది. తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది.

మిగిలింది మెట్ల మంత్రగత్తె ఒక్కటే. ఆయమ్మను పిలిచి అడిగారు. "నాకెందుకయ్యా ఆ నెంబర్లు? ముక్కు వంకర లేకుండా గీశారు, అంతే చాలు," అని ఆమె బకెట్టు పట్టుకుని వెళ్లిపోయింది. "పాపం, ఆవిడకీ వేసెయ్యండి. మన సంస్థలో హెచ్చుతగ్గులు లేవు," అన్నాడు పెద్దాయన ఉదారంగా. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ సాయంత్రం లేబులమ్మ కొత్త ముక్కలతో ఇంట్లో ఆటకు కూర్చుంది. ఆయన దళపతిని వేశాడు, ఆమె భూతాన్ని వేసింది. సమానం. ఆయన చక్రవర్తిని వేశాడు, ఆమె పుట్టగొడుగు వేసింది. సమానం. అరవై ముక్కలూ అయిపోయాయి.

"ఇంతకీ మనం గెలిచామా, ఓడామా?" అన్నాడాయన.

"ఆట అయిపోయింది."

"మా ఆఫీసులో మొన్న అందరికీ ఉత్తమ ఉద్యోగి పత్రం ఇచ్చారు. అచ్చం ఇలాగే ఉండింది," అని నిట్టూర్చాడు. ఆ రోజు కంచాలు ఎవరూ తియ్యలేదు.

మర్నాడు ఆమె ధైర్యం చేసి గాజు గదిలోకి వెళ్లింది. "ఈ ఆట నడవదండీ."

"నడవకపోవడమేంటి? అన్నీ బలమైన ముక్కలే కదా! అరవైలో ఒక్క బలహీనుడున్నాడేమో చూపించు," అన్నాడు పెద్దాయన. ఆయన కళ్లల్లో నిజమైన ఆశ్చర్యం కనిపించింది. ఇక వాదించి లాభం లేదని ఆమె బయటికొచ్చేసింది.

వచ్చి బల్ల ముందు కూర్చుంది. ఆమెకు పేరూ అక్కర్లేదు, చప్పట్లూ అక్కర్లేదు. నలభై సాయంత్రాల కష్టం బూడిదలో పోసిన పన్నీరైందే అన్నదే ఆమె బాధ. ఎదురుగా పాత దగ్గు మందు లేబులు కనబడింది. పైన మందు పేరు బొటనవేలంత అక్షరాల్లో ఉంది. ఎన్ని చెంచాలు తాగాలో, ఎవరు తాగకూడదో మాత్రం అంచున చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. ఇన్నేళ్లుగా ఆ చీమ తలకాయల్ని రాసింది ఆమే. వాటిని చదివిన పెద్దమనుషుల్ని మాత్రం ఆమె చూడలేదు.

పెన్ను తీసింది. ప్రతి ముక్కకీ కుడివైపు కింది మూలన, తయారీ నెంబరు వేసే చోట, తన పాత అంకెల్ని చిన్నగా వేసుకుంటూ పోయింది. చక్రవర్తికి మాత్రం ఒకటి తగ్గించి ఆరు వేసింది. కోపంతో చేసిన పని కాదు. ఈ గొడవంతా చూశాక ఆయన బలం ఎంతో ఆమెకు ఇంకాస్త బాగా తెలిసింది, అంతే. పెట్టెలో పెట్టే నియమాల కాగితం చివర ఒక వాక్యం చేర్చింది. "పోరాట బలం సమానమైనప్పుడు, మూలన ఉన్న అంకె పెద్దదైనవారిదే గెలుపు." పెద్దాయన ఆ కాగితం మొదటి పేజీలో తన ఫొటో చూసుకుని, రెండో పేజీ తిప్పకుండానే సంతకం పెట్టాడు.

ఆట బయటికొచ్చాక మూడు వారాల్లో రెండోసారి అచ్చు వెయ్యాల్సి వచ్చింది. ఒకరోజు బస్సులో ముందు సీటులో ఇద్దరు ఆడపిల్లలు సంచీ మీద ముక్కలు పరుచుకుని ఆడుతుంటే లేబులమ్మ మెడ చాచి చూసింది. ఒక పిల్ల తుఫాను దళపతిని వేసింది. రెండో పిల్ల పుట్టగొడుగుతో దాన్ని కొట్టేసింది. "అబ్బా, ఈ ఊదుడుగాడు ఎప్పుడూ ఇంతే!" అని మొదటిది నెత్తి కొట్టుకుంది. లేబులమ్మ తన స్టాపు దాటిపోయి, రెండు స్టాపుల దూరం వెనక్కి నడిచింది. ఆ నడకలో కాళ్లు నొప్పి పుట్టలేదు.

ప్రెస్సులో ఎవరికీ ఈ సంగతి తెలియదు. వాళ్లు ముక్కలు చూసుకునేవారే తప్ప ఆడేవారు కాదు. ఒక ఆదివారం పెద్దాయన మాత్రం ముచ్చటపడి మనవరాలితో ఆటకు కూర్చున్నాడు. మీసం సవరించుకుని చక్రవర్తిని పడేశాడు. ఆ పిల్ల చటుక్కున మెట్ల మంత్రగత్తెను వేసి రెండు ముక్కలూ లాక్కుంది.

"ఆగాగు. ఇద్దరికీ సమానమే కదా?"

"పెద్ద నెంబరు ఊరికే డెకరేషను తాతయ్యా. అసలుది మూలనుంటుంది. నీ చక్రవర్తిని మా క్లాసులో ఎవరూ మార్చుకోవడానికి కూడా తీసుకోరు."

సోమవారం పొద్దున్నే గాజు గదిలోకి రమ్మని కబురొచ్చింది. లేబులమ్మ వెళ్లేసరికి పెద్దాయన భూతద్దంతో చక్రవర్తిని పరీక్షిస్తున్నాడు.

"నాకు ఆరు," అన్నాడు.

"చక్రవర్తికండీ."

"ఆయమ్మకి ఎనిమిది."

లేబులమ్మ ఇక దాచదలచుకోలేదు. "తడి మెట్ల దగ్గర మీరు చెప్పులు పట్టుకుని నిలబడతారు కదండీ," అంది.

పెద్దాయన అద్దంలోంచి బయట మెట్ల కేసి చూశాడు. "నిలబడతాను," అన్నాడు చివరికి. తరవాత లేచి తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించాడు.

"మా బావమరిదికి ఎంత వేశావు?"

"ఐదండీ."

పెద్దాయన ముఖం పున్నమి చంద్రుడిలా విచ్చుకుంది. భూతద్దం సొరుగులో పెట్టి, "బాగా అంచనా వేశావమ్మా. వాడికి మాత్రం చెప్పకు, చిన్నబుచ్చుకుంటాడు. ఇంకో అరవై మొదలుపెట్టు," అన్నాడు.

చెప్పాల్సిన పని లేకపోయింది. గాజు గదిలో మాట బయటికి వినబడకపోయినా పెదవుల కదలిక కనబడుతుంది. సాయంత్రానికల్లా ప్రెస్సులో ప్రతివాడి చేతిలోనూ ఒక ముక్క ఉంది, ప్రతివాడి కళ్లూ దాని మూలనే ఉన్నాయి. మర్నాటి నుంచి లేబులమ్మ బల్ల ముందు నుంచి మామూలుగా నడిచిన మనిషి లేడు. లెక్కలాయన ఛాతీ విరుచుకుని ఫైళ్లు మోశాడు. కటింగ్ మాస్టారు కాగితం కోస్తూ సింహంలా గర్జించాడు. బావమరిది మాట్లాడడమే మానేసి గంభీరంగా కిటికీలోంచి చూడసాగాడు. ఏ ఒక్క ముఖమూ పనికొచ్చేలా లేదు.

మూడోనాడు ఆమె కాగితాల కట్టా పెన్సిలూ సంచీలో వేసుకుని, పెద్దాయన అనుమతి తీసుకుని, రోడ్డు చివర బస్టాపులో బల్ల మీద కూర్చుంది. అప్పుడే వచ్చిన బస్సులోంచి కండక్టరు సగం బయటికి వేలాడుతూ, "లోపలికి జరగండి, లోపల ఖాళీయే!" అని అరుస్తున్నాడు. లోపల సూది మోపే సందు లేదు. అయినా జనం జరిగారు. లేబులమ్మ అతని ముఖాన్ని గబగబా గీసి, కుడివైపు కింది మూలన తొమ్మిది వేసింది.