వైనో పాక మీద హాల్వర్ అభ్యంతరాలు

హాల్వర్‌కు ఒకటే జబ్బు, రూల్సు. మిన్నెసోటా ఉత్తరపు కొసన, టామరాక్ సరస్సు ఒడ్డున ఉన్న ఆ చిన్న ఊళ్ళో ఒకరికి తాగుడు, ఒకరికి పేకాట ఉన్నట్టే ఆయనకు చేపల శాఖ ఏటా అచ్చువేసే నిబంధనల పుస్తకం. నూరు పేజీలూ కంఠతా వచ్చు. కోటు ఎడమ జేబులో పుస్తకం, కుడి జేబులో కొలటేపు. డెబ్బై నాలుగేళ్ళ మనిషి, ఆ రెండూ లేకుండా చర్చికి కూడా వెళ్ళి ఎరగడు.

కాఫీ హోటల్లో గోడకు తగిలించిన వాలై చేప బొమ్మను ఒకనాడు కుర్చీ ఎక్కి కొలిచాడు.

"ఇది నీళ్ళలో తిరిగి వదిలెయ్యాల్సిన సైజు," అన్నాడు.

"వదిలేస్తే మునిగిపోతుంది హాల్వర్. ప్లాస్టరుతో చేసింది," అన్నాడు హోటలు యజమాని.

"అది దాని తలనొప్పి."

ఇంకోసారి తనే పట్టిన చేపను కొలుస్తూ కొలుస్తూ మరీ ఎక్కువసేపు గాలిలో ఉంచానని చేపల శాఖ వార్డెన్ దగ్గరికి వెళ్ళి లొంగిపోయాడు. ఆ కుర్ర వార్డెన్ అప్పటినుంచి హాల్వర్ కనబడితే పక్కవీధిలోకి మళ్ళేవాడు. పౌరులు అధికారిని చూసి తప్పుకునే ఊళ్ళు లోకంలో ఎన్నైనా ఉన్నాయి. అధికారే పౌరుణ్ణి చూసి తప్పుకునే ఊరు మాత్రం అదొక్కటే అయివుంటుంది.

ఆ ప్రాంతంలో చలికాలం వచ్చిపోయే ఋతువు కాదు, కాపురానికి దిగిన చుట్టం. నవంబరులో కూర్చుంటే ఏప్రిల్ ఆఖరుకు గాని లేవదు. సరస్సు బిగిశాక జనం దాని మీదికి చెక్కపాకలు లాక్కెళ్ళి, బర్మాతో మంచుకు కన్నం వేసి, గాలం దింపి కూర్చుంటారు. మార్చి మూడో సోమవారానికి పాకలన్నీ ఒడ్డుకు చేరాలి. ఆ తర్వాత మే సగం దాకా మంచు మీద నడవడానికీ లేదు, పడవ వెయ్యడానికీ లేదు. ఇంట్లో కూర్చుని గాలపు రీళ్ళు విప్పి నూనె పెట్టడం, పాత దారం తీసి కొత్తది చుట్టడం, గాలాలకు ఆకురాయితో పదును పెట్టడం, అయిపోయాక మళ్ళీ మొదలుపెట్టడం. కొందరు ఆ రోజుల్ని దాటేస్తారు. కొందరు దాటలేరు. ఎర దుకాణం నడిపే ఐలీ తండ్రి దాటలేదు. ఒక చలికాలం వంటింటి కుర్చీలో కూర్చున్నవాడు వసంతానికి లేవలేదు.

అందుకే ఆ ఏడు ఐలీకి తన తమ్ముడు వైనో కూర్చున్న తీరు చూస్తే తండ్రి కూర్చున్న కుర్చీ కళ్ళముందు మెదిలేది. వైనో భార్య లొరేన్ అక్టోబరులో పోయింది. అప్పటినుంచి కిటికీ తెరలు దించి, శబ్దం లేని టీవీ ముందు కూర్చునేవాడు. ఐలీ ఇవాళ సూపు తీసుకెళ్తే నిన్నటి సూపు మూత తియ్యకుండా పొయ్యి మీదే ఉండేది. అతని పాకను ఇరుగుపొరుగువాళ్ళు తమవాటితోపాటు మంచు మీదికి లాగి పెట్టారు. వైనో ఒక్కనాడూ అటు వెళ్ళలేదు.

జనవరిలో హాల్వర్ దుకాణంలోకి వచ్చాడు.

"అమ్మాయ్," అన్నాడు. ఐలీకి అరవై ఒకటి. "మీ తమ్ముడి పాక మీద పేరు వెలిసిపోయింది."

"వాడి పెళ్ళాం పోయి మూడు నెలలైంది హాల్వర్. పేరు వెలిస్తే వెలవనీ."

"పదహారో పేజీ."

"నీ పేజీ తగలెయ్య."

ఆయన తిన్నగా వైనో ఇంటికి నడిచాడు. ఐలీ సూపు గిన్నె పట్టుకుని వెనకే పరుగెత్తింది. వైనో తలుపు తెరిచేదాకా హాల్వర్ కొడుతూనే ఉన్నాడు.

"వైనో, పాక మీద పేరు కనబడట్లేదు. రంగెయ్యాలి."

"పో."

"రేపొస్తా."

"రేపూ పో."

"అయితే నోటీసు రాస్తా."

"నోటీసు రాయడానికి నువ్వెవడివయ్యా? బస్సులు బాగుచేసి రిటైరైనవాడివి."

"పౌరుణ్ణి," అన్నాడు హాల్వర్.

వైనో ధడాలున తలుపేశాడు. మూడోనాడు తిట్టుకుంటూ రంగు డబ్బాతో సరస్సు మీద కనిపించాడు. హాల్వర్ పక్కనే నిలబడి అక్షరాలు కొలుస్తున్నాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. ఆ మర్నాడు పాక మీద రాత్రిపూట మెరిసే పట్టీ వంకరగా ఉందన్నాడు. తర్వాత పాక తలుపు తూర్పుకు తిరిగి ఉండాలన్నాడు. ఇద్దరూ కలిసి పాకను ఒక పూటంతా తిప్పారు. ఆ తర్వాత మంచుకు వేసిన కన్నం సరిగ్గా గుండ్రంగా లేదన్నాడు. రోజుకొక్కటే తప్పు, ఎన్నడూ రెండు కాదు. వీధిలో జనం నవ్వుకున్నారు. ఐలీకి మాత్రం ఒళ్ళు మండిపోయింది. దుఃఖంలో ఉన్న మనిషిని ఇలా పీక్కుతినడం ఏ పుస్తకంలో ఉంది?

ఫిబ్రవరిలో ఒక ఉదయం వైనోయే దుకాణానికి వచ్చాడు. అక్టోబరు తర్వాత అదే మొదటిసారి. గడ్డం గీసుకున్నాడు.

"ఆకురాయి ఉందా అక్కా? పాత గాలాలు సాక్షి ఎదుటే పదును పెట్టాలిట. ఆ ముసలాడు వాకిట్లో కాచుకున్నాడు."

అతను వెళ్ళాక ఐలీ బల్ల మీది కట్టలోంచి ఒక నిబంధనల పుస్తకం లాగింది. ఏదో ఒక వాక్యం పట్టుకుని హాల్వర్ నోరు మూయించాలని. కళ్ళద్దాలు పెట్టుకుని మొదటినుంచి చివరిదాకా చదివింది. సాక్షి లేడు. గుండ్రని కన్నం లేదు. తూర్పు లేదు. నిరుటి పుస్తకం తీసింది. అందులోనూ లేదు. అచ్చుతప్పు దొరికిందని ప్రభుత్వానికి ఉత్తరం రాసిన మనిషి హాల్వర్. పొరబాటు పడే రకం కాదు. ఐలీ కళ్ళద్దాలు తీసి, రెండు పుస్తకాల్నీ బల్ల మీద పక్కపక్కన పెట్టింది.

సాయంత్రం హాల్వర్ వచ్చాడు.

"తలుపు తూర్పుకుండాలని ఏ పేజీలో ఉంది హాల్వర్?"

ఆయన టోపీ తీశాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. "చూడాలి."

"నలభై ఏళ్ళలో నీ నోట ఆ మాట వినలేదు."

"నిజం తప్పులు నాలుగు రోజుల్లో అయిపోయాయి అమ్మాయ్," అన్నాడు గొంతు తగ్గించి. "లొరేన్ అన్నీ అంత పద్ధతిగా పెట్టి పోయింది. ఆపేస్తే వాడు మళ్ళీ ఆ కుర్చీలో కూర్చుంటాడు. రోజుకొకటి కల్పించడం అనుకున్నంత తేలిక కాదు. ఈ వయసులో అబద్ధపు రూల్సు." ఇబ్బందిగా కిటికీలోంచి చూశాడు. "వార్డెన్‌కి చెప్పకు."

మార్చి మూడో సోమవారం పాకలన్నీ ఒడ్డుకు చేరాయి. అన్నిటికన్నా ముందు వైనోదే. దాని అడుగున జారే పట్టాలకు అంటిన మంచును గునపంతో కొట్టి వదిలిస్తున్న తమ్ముడి దగ్గరికి ఐలీ వెళ్ళింది. ఎలా అడగాలో తోచలేదు.

"వైనో, ఆ హాల్వర్ చెప్పేవి..."

"పుస్తకంలో లేవు. తెలుసు. మా ఇంట్లోనూ ఉందిగా పుస్తకం."

"మరి ఎందుకు వెళ్ళావురా?"

"వెళ్ళకపోతే వాకిట్లో నిలబడేవాడు అక్కా, సున్నాకి ఇరవై డిగ్రీలు కింద. ఆ వయసులో చచ్చూరుకుంటాడు." వైనో గునపానికి ఆనుకుని నిలబడ్డాడు. "అయినా నువ్వు అబద్ధం చెప్తున్నావని ఆయనతో ఎవరంటారు? నావల్ల కాదు. కానీ ఇప్పుడు పాక కూడా లేదు. మే దాకా రెండు నెలలు. నిన్న ఏదో చెప్పబోయి తడుముకున్నాడు, పాపం. నాకే జాలేసింది."

మర్నాడు ఐలీ దుకాణం తెరుస్తూనే కాగితం, పెన్సిలు తీసుకుంది. రాసింది రెండుసార్లు కొట్టేసి మళ్ళీ రాసింది. హాల్వర్ రాగానే ఆయన ముందుకు తోసింది. ఆయన అద్దాలు సర్దుకుని పైకి చదివాడు.

"'గాలాలకు కట్టే సీసపు గుండ్లన్నిటినీ మే నెల లోపల, ప్రతి మంగళవారం, ముగ్గురు కూర్చుని, బరువు ప్రకారం వేరుచేయవలెను.'" తల ఎత్తాడు. "ముగ్గురెవరు?"

"నువ్వు, వాడు, నేను."

హాల్వర్ ఇంకోసారి చదివాడు. మొహం చిట్లించాడు. ఆమె చేతిలోంచి పెన్సిలు తీసుకుని ఒక మాట కొట్టేసి, పైన సన్నటి అక్షరాలతో ఏదో రాశాడు.

"'ముగ్గురికి తక్కువ కాకుండా' అని ఉండాలి అమ్మాయ్," అన్నాడు. "రూలన్నాక ఇంకా ఎవరైనా వస్తే కూర్చోడానికి చోటుండాలి."