ఎన్‌కౌంటర్ అయిన నాన్న

నిన్న మా పాప ఇంగ్లీషు పుస్తకంలోంచి ‘ఎన్‌కౌంటర్ అంటే అనుకోకుండా ఎదురుపడటం’ అని పైకి చదువుతుంటే నాకు మా నాన్న గుర్తొచ్చాడు.

చర్ల దగ్గర మా ఊరి బళ్లో నాకు అప్పుడు ఐదో తరగతి. ఖమ్మం నుంచి కొత్తగా వచ్చిన సారు ఆ మాట నేర్పుతూ, "పొద్దున అడవి దారిల మీ నాన్న నాకు ఎన్‌కౌంటర్ అయిండు" అని నన్ను చూసి నవ్వాడు. క్లాసులో ఇంకెవరూ నవ్వలేదు. మాకు తెలిసిన అర్థం ఒక్కటే, పోలీసుల కాల్పుల్లో చనిపోవడం.

ఏడుస్తూ పోడు చేనుకు పరుగెత్తాను. నాన్న జొన్న కోస్తున్నాడు.

"ఏంది బిడ్డా, ఏమైంది?"

"నువ్వు ఎన్‌కౌంటర్ అయినవంట."

"ఎవరన్నరు?"

"సారు."

నాన్న కొడవలి కింద పెట్టాడు. తన పేరు పోలీసుల నోట్లో పడిందనుకుని, అటునుంచి అటే దుమ్ముగూడెంలో మేనత్త ఇంటికి వెళ్లిపోయాడు.

మర్నాడు సారు మా ఇంటికొచ్చి అర్థం వివరించాడు. అమ్మ అంతా విని, "గట్లనా సారూ. మా పిల్లలకు వేరే మాట నేర్పుండ్రి" అంది.

పది రోజులకు నాన్న తిరిగొచ్చాడు. ఆ తర్వాత బతికినన్నాళ్లూ ఆయన దారికి వీపు పెట్టి పని చేయలేదు.