పడిపోతుందన్న మిద్దె

పుంగనూరులో మా అమ్మకు చిన్న టైలరు అంగడి ఉండేది. పాత మిద్దెలో వీధి వైపు ఒక గది. నాన్న పోయాక ఇల్లు గడిచిందంతా ఆ మిషను మీదే. మిద్దె ఓనరును అమ్మ "అన్నా" అని పిలిచేది. ఆయన కూడా వచ్చినప్పుడల్లా మా చదువుల గురించి అడిగేవాడు.

తొంభైల చివర్లో ఒక వానాకాలం వెనక గోడ పగిలి, పగులు దూలం దాకా పాకింది. బాగు చేయించమని అమ్మ ఆయన కనబడినప్పుడల్లా అడిగింది. "సూస్తాలేమ్మా" అనేవాడు. వాన పడితే కుట్టిన బట్టలన్నీ మూటగట్టి ముందుకు జరుపుకునేవాళ్ళం.

ఒకరోజు మున్సిపాలిటీ వాళ్ళొచ్చారు. దారానికి గుండు కట్టి గోడ ఎంత ఒరిగిందో చూశారు, దూలాన్ని కడ్డీతో పొడిచారు. తలుపుకు నోటీసు అంటించి వెళ్ళారు. కూలే ప్రమాదముంది కాబట్టి లోపలున్నవాళ్ళు ఖాళీ చేయాలి, ఓనరు పడగొట్టాలి లేదా బాగు చేయించాలి. రూలు అది.

సాయంత్రం ఆయన వచ్చి మిషను పక్కన స్టూలు మీద కూర్చున్నాడు.

"నీ మంచికే సెప్తాండామ్మా. రేపు పిల్లోల్ల మీద పడితే నేనెవరికి జవాబు సెప్పుకోవాల? పడగొట్టి కొత్తగా కడతా. కట్టినాంక ముందు రూము నీదే."

"నీ మాట సాలన్నా," అంది అమ్మ.

కోర్టుకు పొమ్మని బజారులో వాళ్ళు చెప్పినా వినలేదు. అంగడి ఎత్తేసి మదనపల్లెలో రెడీమేడ్ బట్టలు కుట్టేచోట పనికి చేరింది. మేమూ అక్కడికే మారాం.

మరుసటి ఎండాకాలం అమ్మా నేనూ ఒక పెళ్ళికని పుంగనూరు వెళితే, ఆ మిద్దె అట్లే నిలబడి ఉంది. గులాబీ రంగు కొట్టారు. మా గదిలో ఎస్టీడీ బూత్ పెట్టారు. ఆ వానాకాలం మున్సిపాలిటీకి అర్జీ ఇచ్చి వాళ్ళను పిలిపించింది ఆయనేనని పక్కన గాజులమ్మే ఆమె చెప్పింది. ఆయన బూత్ ముందే కూర్చుని ఉన్నాడు.

"పడగొడతానంటివి కదన్నా?" అంది అమ్మ.

"రిపేరు చేపిచ్చినానమ్మా. వాళ్ళు సూసి బాగుండాదన్నారు."

"నేనడిగినప్పుడు యాల చేపిచ్చలేదు?"

ఆయన లేచి, లోపల ఫోను మాట్లాడుతున్న మనిషి వైపు వెళ్ళాడు.

నేను ఊరుకోలేక అమ్మను మున్సిపాలిటీ ఆఫీసుకు తీసుకెళ్ళాను. అక్కడి గుమాస్తా మర్యాదగానే మాట్లాడాడు. "బాగు చేసినాంక ఎవరికిచ్చేదీ ఓనరు ఇష్టమమ్మా. మేం గోడ ఒకటే సూస్తాం."

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అమ్మే మాటెత్తింది.

"ఖాళీ చెయ్యమని నోరు తెరిచి అడిగుంటే చేసుందును," అంది. "పిల్లోల్ల మీద పడతాదని సెప్పాల్నా నాకు?"

కొన్నేళ్ళకు అమ్మ కుప్పంలో తన చెల్లెలి ఇంటి పక్కన మళ్ళీ అంగడి పెట్టింది. గిరాకీ బాగానే వచ్చింది. పుంగనూరులో పెళ్ళిళ్ళకు మాత్రం మమ్మల్నే పంపేది.