ప్రసన్నకుమారి చదివించిన తప్పుల జాబితా

మా అల్లవరం ప్రసన్నకుమారక్క మిషను గొంతు పట్టుకుని పంతొమ్మిది తప్పులు కక్కించిందంటే, ఆ దెబ్బకి హైదరాబాదులో ఆరంతస్తుల ఆఫీసుకి మూడు రోజులు లిఫ్టు పనిచెయ్యలేదు. నమ్మనివాళ్లు నమ్మకండి. ఇంటర్ మధ్యలో వదిలేసినవాణ్ణి, లెక్కలో తేడా ఉంటే ఉండొచ్చు గానీ విషయంలో లేదు.

అక్క పనిచేసేది రొయ్యల చెరువుల నీళ్లు పరీక్ష చేసే ల్యాబులో. పదకొండేళ్ల సర్వీసు. నీళ్ల సీసా మిషన్లో పెట్టి మూత వెయ్యడం వరకే ఆవిడ పని. మిగతాదంతా హైదరాబాదు కంప్యూటరు చేస్తుంది. పరీక్ష మొదలుపెడుతుంది, లోపమేమన్నా ఉందా అని మిషన్ని అడుగుతుంది, లేదంటే రిపోర్టు రైతు ఫోనుకి పంపుతుంది. నెలల తరబడి మిషను లేదనే అంటోంది.

అలాంటి రిపోర్టు ఒకటి నమ్మి ఉప్పలగుప్తం తాతారావు చెరువు నీళ్లు మార్చలేదు. అమ్మోనియా ముదిరి నాలుగో రోజుకి రొయ్యలన్నీ చచ్చి తేలాయి. ఆయన ల్యాబుకొచ్చి అక్కని నానా మాటలూ అన్నాడు. కంపెనీవాళ్లు మర్యాదస్తులు కదా, కాగితం మీద అన్నారు. మిషన్లో లోపం నమోదు కాలేదు గనక తప్పు టెక్నీషియన్‌దేనట, వారంలో సంజాయిషీ ఇవ్వకపోతే ఉద్యోగం ఉండదట. మిషను మాట చెల్లుతుంది, పదకొండేళ్లు చేసిన మనిషి మాట చెల్లదు. నాకు ఒళ్లు మండిపోయింది.

అక్క మండిపడలేదు, ఆలోచించింది. ఆవిడ ఎనిమిదింటికే వచ్చి మిషను ఆన్ చేస్తుంది. అది తనని తాను పరీక్షించుకుని ఎర్ర దీపం వెలిగిస్తుంది. తొమ్మిదిన్నరకి హైదరాబాదు కలవగానే ఆ దీపం ఆరిపోతుంది. ఇన్నాళ్లూ, వాళ్లు బాగుచేశారు కాబోలనుకుంది. మిషనుతో వచ్చిన పుస్తకం తిరగేస్తే అసలు సంగతి బయటపడింది. మిషను తన తప్పులన్నీ ఒక జాబితాలో దాచుకుంటుంది. ఆ పెద్దమనుషుల ప్రోగ్రాం రాగానే జాబితాని చదవకుండానే చెరిపేసి, అప్పుడు అడుగుతోంది, లోపమేమన్నా ఉందా అని. ఫిర్యాదుల పెట్టెని గోదాట్లో కుమ్మరించి, ఊళ్లో ఫిర్యాదులే లేవని దండోరా వేయించినట్టు!

మర్నాడు ఎనిమిదింటికి ఒక్కతే బటను నొక్కుతూ తప్పులన్నీ చదివి, రాసి పంపింది. తీరా ఆ మిషను ఏ తప్పయినా ఒక్కసారే చెబుతుంది, చెప్పినదాన్ని జాబితాలోంచి తీసేస్తుంది. వాళ్లు చూసేసరికి ఖాళీ. కల్పించి రాశావన్నారు. గడువు ఇంకా రెండు రోజులు.

అప్పుడు అక్క సాక్షిగా ఎవర్ని పిలిచిందనుకున్నారు? తాతారావుని. ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు.

"నేనెందుకమ్మా మధ్యలో? నన్నూ ఇరికించేద్దామనా?"

"మీరు నన్ను తిట్టినోరండీ. నా చుట్టమని ఎవరూ అనరు. ఫోన్ తియ్యండి, నేను నొక్కినకొద్దీ మీరు పైకి చదవండి."

"ఆయ్," అని లోపలికొచ్చాడు.

అక్క నెట్టు వైరు పీకేసి మిషను ఆపి మళ్లీ ఆన్ చేసింది, అది మళ్లీ తనని తాను పరీక్షించుకుని జాబితా నింపింది. తాతారావు వీడియో తీస్తూ ఒక్కో తప్పూ కూడబలుక్కుని చదివాడు. నీళ్ల రంగు కొలిచే లోపలి బల్బు గడువు దాటి నలభై మూడు రోజులైందన్న తప్పు దగ్గర ఆయన చదవడం ఆపి వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు.

"నా నీళ్లు ఇచ్చి ఇరవై రోజులేనమ్మా," అన్నాడు.

వీడియో వెళ్లిన సాయంత్రమే అక్క మీద మెమో వెనక్కి తీసుకున్నారు. ఇప్పుడు ప్రోగ్రాం ముందు చదివి తర్వాత చెరుపుతోంది. వచ్చిన ఉత్తరంలో మాత్రం క్షమించమన్న ముక్క లేదు. "వ్యవస్థ మెరుగుపరచబడినది" అట. తప్పు మనిషిదనుకున్నప్పుడు ప్రసన్నకుమారి అని ఇంటిపేరుతో సహా రాశారు, తమదని తేలాక రాసినవాడి పేరు కూడా లేదు. తాతారావు చెరువు ఊసు అసలే లేదు.

మొన్న టీ కొట్టు దగ్గర నలుగురికీ ఇదే చెబుతుంటే, అక్క స్కూటీ ఆపి చివరిదాకా వింది.

"పంతొమ్మిది కాదు తమ్ముడూ, ఏడు. అందులో ఒకటి నేను మూత సరిగ్గా వెయ్యక వచ్చింది. అదీ రాసే పంపేను."