రెండోసారి తట్టిన చోటు

పోయిన అమావాస్య నాడు మా పెద్ద తమ్ముడు కన్నుమూశాడు. కర్నూలులో ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు ఆపరేషన్లు చేసే డాక్టరు. ఆపరేషన్ గదికి వెళ్తూ మెట్ల మీద కూలబడ్డాడు. గుండె ఆగిపోయింది.

అంతకు మూడు వారాల ముందు ఒక ఆదివారం. డోన్‌లో నేను దేవుని దగ్గర దీపం పెట్టి లేచేసరికి వాకిట్లో పెద్దోని కారు ఆగింది. జొన్నరొట్టె, ఊరిబిండి పచ్చడి కోసం అలా వచ్చేవాడు. పక్క వీధిలో నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీ నడిపే మా చిన్న తమ్ముడు కూడా వచ్చి కూర్చున్నాడు. కూర్చుంటూనే దగ్గాడు.

"ఏందిరా ఆ దగ్గు?"

"రాతి దుమ్ములేన్నా. ఈ ఊర్లో దగ్గనోడు యాడుండాడు?"

"దగ్గుకు అలవాటు పడినోడే నా దగ్గరికి ఆలస్యంగా వస్తాడు. తిరుగు ఇట్ల."

ఎడమ అరచెయ్యి వీపుకు ఆనించి, కుడిచేతి వేలితో దాని మీద తట్టేవాడు. సంతలో అమ్మ కుండను కొట్టి చూసి కొనేది. "ఆ విద్యే ఇది అక్కా. ఖాళీ ఉన్నచోట మోగుతాది, నిండినచోట మోగదు" అనేవాడు. స్కానింగులు ఎన్ని వచ్చినా ముందు చెవి, ఆఖర్న కత్తి అని శిష్యులకు నేర్పాడు. మా ఇంటికి వచ్చిన ఎందరినో అలా తట్టాడు. చెయ్యి ఆగకుండా కిందికి జరిగిపోయేది.

ఆ రోజు కుడివైపు ఒకచోట ఆగింది. అక్కడే మళ్లీ తట్టాడు.

చిన్నోడు పకపకా నవ్వాడు. "చూసినావా అక్కా! ఇన్నేండ్లకు అన్న నా వెన్ను తట్టినాడు. అదీ రెండుసార్లు!"

పెద్దోడు నవ్వలేదు. రొట్టె సగంలో వదిలి చెయ్యి కడుక్కున్నాడు. "రేపు ఆస్పత్రికి రా" అన్నాడు.

అది గడ్డే. చిన్నోనికి చెప్పొద్దని వాని భార్య ఏడ్చింది. "ఊపిరి వానిదమ్మా. మాట కూడా వానికే చెప్పల్ల" అని పెద్దోడు తనే చెప్పాడు. నాతో మాత్రం, "సొంత రక్తం మీద నా చెయ్యిని నేను నమ్మనక్కా. కత్తి నా శిష్యురాలు పడతాది. నేను వాని తలకాడ నిలబడతా" అన్నాడు. రోజు కూడా పెట్టుకున్నారు. ఆ లోపలే తను పోయాడు.

"అన్న లేకుండా ఆ ఆపరేషన్ బల్ల ఎక్కను" అని చిన్నోడు మొండికేశాడు. దగ్గు మాత్రం మొండికేయలేదు. మా రెండిళ్ల నడుమ గోడ దాటి నాకు వినిపించేది. నేను నరసింహస్వామిని తలుచుకుంటూ దాన్ని లెక్కపెట్టకుండా ఉండటానికి చూసేదాన్ని.

పదకొండో రోజు పెద్దోని శిష్యురాలు, ఆ డాక్టరమ్మ వచ్చింది. ఫొటోకు దండం పెట్టి, చిన్నోని వెనక కూర్చుంది. ఎవరినీ ఏమీ అడగలేదు. అరచెయ్యి ఆనించి తట్టుకుంటూ కిందికి వచ్చింది. కుడివైపు, ఆ చోటే ఆగింది. మళ్లీ తట్టింది.

ఈసారి చిన్నోడు నవ్వలేదు. కళ్లు మూసుకుని, "అన్న చెయ్యే" అన్నాడు.

ఆ సాయంత్రం అందరం కూర్చుని అనుకున్నాం. రోజు మార్చేది లేదు. పెద్దోడు ఉన్నప్పుడు పెట్టుకున్న గురువారమే. తలకాడ నిలబడేవాడు లేడు కాబట్టి, ఆ ఆపరేషన్ గది వాకిలి ముందు నేను కూర్చోవాలి.