కెమెరాకి పెట్టిన బొట్టు

మేం పనికోసం సముద్రం దాటిన ఆ రోజుల్లో మనుషులు ఇప్పటిలా అరచేతిలో కదిలి మాట్లాడేవారు కాదు. మనిషి మొహం ఇంటికి చేరాలంటే ఫొటో దిగాలి, కడిగించాలి, ఊరెళ్ళేవాళ్ళు ఎవరో దొరికేదాకా పెట్టె అడుగున బట్టల మధ్య దాచుకోవాలి, దొరికాక వాళ్ళని బతిమాలి చేతిలో పెట్టాలి. (ఇప్పుడు మా మనవరాలు అన్నం తినే ముందు కంచానికి ఫొటో తీస్తుంది. చల్లారిపోతుందే అంటే వినదు.) నేను చదివింది మూడో తరగతి, అదీ వాన పడితే బడి కారి ఇంటికొచ్చేస్తూ చదివిన మూడో తరగతి. కానీ కళ్ళతో ఒకసారి చూసింది మాత్రం నాకు చెరగదు. అందుకే బహ్రెయిన్‌లో ఆ చలికాలపు శుక్రవారం ఇప్పటికీ నిన్నటిలాగే ఉంటుంది.

మనామాలో అద్లియా అనే పేట పక్క వీధిలో ఒక పెద్దింట్లో మేం ముగ్గురం తెలుగువాళ్ళం. పిల్లల్ని చూసుకోడానికి నేను, అప్పటికి ఇరవై ఏళ్ళ పిల్లని. వంటింట్లో ఉప్పాడక్క. కారు నడపడానికి కరీంనగర్ నుంచి వచ్చిన డ్రైవరన్న. ఆయన బహ్రెయిన్‌లో ఉండి కూడా దాన్ని దుబాయనే అనేవాడు, ఎన్నిసార్లు చెప్పినా అంతే. ఉప్పాడక్క మొగుడు వేటకెళ్ళి తిరిగి రాలేదు. తర్వాత తుఫానుకి ఇల్లు పోయింది, ఇంటితో పాటు పెళ్ళి ఫొటో కూడా పోయింది. రెండేళ్ళ పిల్లని అత్తగారి చేతిలో పెట్టి అక్క ఇటు వచ్చింది. ఆ అత్తగారికి శుక్లాలు, మనిషి ఎదురుగా నిలబడినా ఎవరో పోల్చుకోలేదు. అలా నాలుగేళ్ళు గడిచాయి. నెలకోసారి మా బాబా (ఇంటి యజమానిని అలాగే పిలవాలి) ఫోను చేసుకోనిచ్చేవాడు. అవతల ఊళ్ళో కిరాణా కొట్టు ఫోను దగ్గర మామ్మా మనవరాలూ కాచుకుని ఉండేవారు.

ఒకసారి పిల్ల అడిగింది, "అమ్మా, అక్కడ ఎలా ఉంటుంది?" అని. అక్క చుట్టూ చూసింది. చుట్టూ ఏముంటాయి, అంట్లగిన్నెలు. ఎదురుగోడకి ఏదో కంపెనీ వాళ్ళిచ్చిన క్యాలెండరు వేలాడుతోంది, దాని మీద ఎక్కడో ఉత్తరాన చలిదేశపు బొమ్మ. నల్లటి బండరాళ్ళు, వాటి మధ్య అద్దంలాంటి చెరువు. "కొండలమ్మా," అంది అక్క, "పెద్దపెద్ద రాళ్ళు. చెరువు గట్టున ఉంటాం. చలి." పిల్ల అది వీధంతా చెప్పేసింది. మర్నెల ఫోనులో, "అమ్మా, ఆ చెరువు గట్టు మీద నువ్వు ఫొటో దిగి పంపవా? నువ్వెలా ఉంటావో నాకు తెలీదుగా," అంది. అక్క ఫోను పెట్టేసి ఆ పూట తరిగినన్ని ఉల్లిపాయలు ఎప్పుడూ తరగలేదు. "నవ్వకే పిల్లా," అంది నాతో. "చెరువు లేకపోతే పోయింది. రేపు నేను రైలు దిగితే నా కూతురు నన్ను పోల్చుకోవాలి. ఎవరమ్మా నువ్వు అనకూడదు. అంతే నాక్కావల్సింది."

అప్పటికే డ్రైవరన్న మనామా సూక్‌లో (బజారుని అక్కడ అలాగే అంటారు) కొత్త కెమెరా కొన్నాడు, తమ్ముడి పెళ్ళికి తీసుకెళ్ళాలని. ఆ శుక్రవారం ఇంటివాళ్ళని జల్లాఖ్ బీచ్‌లో దింపి, సాయంత్రం మళ్ళీ వెళ్ళి తెచ్చుకోవాలి. మధ్యలో బండి మాది. "పరేషాన్ గాకు అక్కా. ఈ దుబాయిల నేను తిరగని తొవ్వ లేదు. చెర్వు గావాలె, గుట్ట గావాలె, గంతేనా?" అన్నాడు. బయల్దేరే ముందు అక్క దేవుడి దగ్గరున్న కుంకుమ భరిణె తెచ్చింది. కొత్త వస్తువు, బొట్టు లేకుండా ఎలా వాడతాం? "నేను పెట్టకూడదు తమ్ముడూ, నువ్వే పెట్టు," అని అక్క పక్కకి జరిగింది. "పెడ్త పెడ్త. మా ఊర్ల ట్రాక్టర్‌కు గూడ పెడ్తం," అంటూ ఆయన కొబ్బరినూనెలో కుంకుమ రంగరించాడు. కెమెరాకి నుదురెక్కడో ముగ్గురం వెతికాం. "గీ నడుమ గుండ్రంగున్నదే దీని మొఖం," అని బొటనవేలంత బొట్టు సరిగ్గా అక్కడ పెట్టాడు. ఎంత అందంగా ఉందో అని నేను చేతులు జోడించి దణ్ణం కూడా పెట్టాను.

ఇక తిరుగుడు మొదలైంది. ఆ దేశంలో కొండ అనదగ్గది ఒకటే, అదీ దీవి నడిమధ్యన. అక్కడికెళితే నీటిచుక్క లేదు. నీళ్ళున్న చోటికెళితే నేల రొట్టెలా చదును. "మీ దుబాయిలో దేవుడు రెండూ ఒకచోట పెట్టడం మర్చిపోయాడు," అంది అక్క. చివరికి ఉత్తరపు ఒడ్డున, సముద్రాన్ని పూడుస్తున్న చోట, లారీలు కుమ్మరించిన బండరాళ్ళ గుట్టలు కనిపించాయి. ముందురోజు కురిసిన వానకి ఆ గుట్టల మధ్య నీళ్ళు నిలిచి ఉన్నాయి. అచ్చం క్యాలెండరే! అక్క దిగి నిలబడిపోయింది. "మంచు లేదు కదక్కా," అన్నాను. "ఇంకా పడలేదని చెబుతాను," అంది. మేడమ్ ఇచ్చిన పాత స్వెట్టర్లు ఇద్దరికీ ఒకేరకంవి, నీలంవి. చలిగాలికి అక్క కళ్ళలో నీళ్ళు, ముక్కు ఎర్రగా, పై పన్ను కొంచెం బయటికి. తడిచేత్తో జుట్టు దువ్వుకుని ఒకసారి బండ మీద కూర్చుంది, ఒకసారి నీళ్ళలో చెయ్యి పెట్టింది, ఒకసారి సినిమా హీరోయిన్‌లా గుట్టకి ఆనుకుంది. "నవ్వక్కా! గంతగాదు, జర తక్వ!" అని డ్రైవరన్న అరుపులు. ఆయన ప్రతిసారీ ఆమెని సరిగ్గా నడిమధ్యనే పెట్టాడు, పెళ్ళి ఫొటోలు అలాగే తీస్తారట. ఆఖర్న, "ఒక్కటి మిగిలింది, చెల్లె, నువ్వు గూడ రా," అన్నాడు. నేను పరిగెత్తి రాయి మీద కాలు జారి, ఒక చివర ఇంకా సరిగ్గా నిలదొక్కుకోకముందే నొక్కేశాడు.

కడిగించి తెచ్చిన రోజు వంటింట్లో ముగ్గురం గుమిగూడాం. రాళ్ళు వచ్చాయి. నీళ్ళు వచ్చాయి. ఆకాశం ఎంత బాగా వచ్చిందో. అక్క ఉండాల్సిన చోట మాత్రం అన్ని ఫొటోల్లోనూ ఒక ఎర్రటి ముద్ద. (మనం చూసే కన్ను వేరు, కెమెరా చూసే కన్ను వేరని, మేం బొట్టు పెట్టింది రెండోదానికని స్టూడియోలో మలయాళీ అబ్బాయి పడీపడీ నవ్వుతూ చెప్పాడట.) డ్రైవరన్న తల దించుకుని నిలబడ్డాడు. అక్క ఒక్కో ఫొటో తిప్పుతూ నవ్వింది, నవ్వీ నవ్వీ, "పోనీలే తమ్ముడూ, నా మొహానికి మళ్ళీ బొట్టొచ్చింది," అంది.

మళ్ళీ దిగుదామంటే నీళ్ళు ఇంకిపోయాయి, పైగా రంజాన్ నెల వచ్చిపడింది, వంటింట్లోంచి అక్కకి తల ఎత్తే తీరిక లేదు. పండగ కాగానే తనకీ నాకూ సెలవన్నారు. "నేనే వెళ్తున్నానుగా, ఇంక ఫొటో ఎందుకు," అంది. అయినా పిల్ల ఎదురు చూస్తుందని, ఉన్నవాటిలో మనిషంటూ కనిపించే, చివర నేనున్న ఆ ఆఖరి ఫొటోని ఊరెళ్ళే ఒకాయనతో పంపింది. మధ్యలో ఉన్నది అమ్మ అని చెప్పమంది. ఆయన చెప్పాడో లేదో.

బొంబాయి దాకా విమానం, అక్కడి నుంచి రైలు. సామర్లకోట ప్లాట్‌ఫారం మీద మామ్మ కర్ర పట్టుకుని నిలబడి ఉంది. పక్కన రెండు జడల పిల్ల, చేతిలో ఫొటో. దిగినవాళ్ళందరి మొహాలూ చూస్తోంది. ముందు అక్క దిగింది, పేరు పెట్టి పిలవబోయింది. పిల్ల అక్క పక్కనుంచే దూసుకొచ్చి నా నడుము చుట్టేసింది. "అమ్మా!"

నా ఒంటి మీద, రాత్రి రైల్లో చలికి వేసుకున్న అదే నీలం స్వెట్టరు. నేను కాదమ్మా అనబోతుంటే అక్క తల అడ్డంగా ఊపింది. "ఎత్తుకోవే," అంది మెల్లగా. "నాలుగేళ్ళు దాచుకున్న పిలుపు. కింద పడెయ్యకు." ఎత్తుకున్నాను. దాని గుండె నా మెడకి కొట్టుకుంటోంది. అటుపక్క మామ్మ చేతులు చాచి అక్క మొహం తడిమింది, తడమగానే, "వచ్చావా తల్లీ," అని కూలబడిపోయింది. అప్పుడు పిల్ల నా భుజం మీంచి చూసి అడిగింది, "ఈవిడెవరు?" అని.

"ఫొటోలో మధ్యనున్నదాన్ని," అంది అక్క.

పిల్ల ఫొటో చూసింది, అక్కని చూసింది. "మధ్యనున్నది సూర్యుడు కదా!"

అక్కని అమ్మా అనడానికి దానికి చాలా రోజులే పట్టింది. అలా పిలిచిన వారానికే అక్క సెలవైపోయి మళ్ళీ విమానం ఎక్కింది. ఆ పిల్లకి ఇప్పుడు పిల్లలున్నారు, అయినా నన్ను ఫొటో అమ్మా అనే పిలుస్తుంది. నాకు తర్వాత ఇద్దరు పుట్టారు, కానీ మొట్టమొదట అమ్మా అన్నది మాత్రం అదే. అక్క పోయాక ఆ ఫొటో అదే తెచ్చి నాకు ఇచ్చింది. అప్పుడప్పుడు తీసి చూస్తాను. వెనక రాళ్ళు, నీళ్ళు, చివర ఒక ఇరవయ్యేళ్ళ పిల్ల, కాలు జారి, నోరు తెరుచుకుని, జుట్టు గాలికి పోయి. దాన్ని చూస్తే నవ్వొస్తుంది. ఒసే, పడితే పడ్డావు గానీ, లేచి ఇటు నడిమధ్యకి వచ్చి నిలబడవే, అక్కని ఆ చివరకి పోనియ్యవే, అనాలనిపిస్తుంది.