మా మేనత్త, స్తూపం దగ్గరి ఫిరంగి

మా మేనత్త పోయిన వారం కన్నుమూసింది. ఆదివారం చర్చికి పోయి వచ్చి, అన్నం తిని, కాసేపు నడుం వాలుస్తానని పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదు. ఫోనులో ఆ మాట వినగానే ఏడుపు వచ్చింది. దాని వెనకే కాస్త నిమ్మళం కూడా కలిగింది. ఆమె మనసులో ఏ బరువూ పెట్టుకుని పోలేదు. ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

డోన్‌లో స్టేషనుకు పోయే దారిలో ఆమెకు చిన్న కుట్టు దుకాణం ఉండేది. నోట్లో గుండుసూదులు పెట్టుకుని కూడా మాట్లాడేది, ఒక్కటీ కిందపడేది కాదు. పని నేర్చుకునే ఆడపిల్లలు బట్ట చెడగొట్టి కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, "ఏడ్చింది చాల్లే, యాడ తప్పు పోయిందో చూడు" అనేది. నేను డిగ్రీలో ఫెయిలయినప్పుడు కూడా నాతో అదే మాట అంది.

తన విషయంలో మాత్రం ఆమె అలా చూడలేకపోయింది. మా మామ సైన్యంలో ఫిరంగి దళంలో పనిచేసేవాడు. పెళ్ళయిన మరుసటి ఏడే డెబ్బై ఒకటి యుద్ధంలో చనిపోయాడు. కబురు వచ్చింది గానీ, ఎలా పోయాడో ఎవరూ చెప్పలేదు. గుండు సరిగా పెట్టక, తన ఫిరంగి తన ముందే పేలి చనిపోయాడని ఊళ్ళో ఒక మాట పుట్టింది. అత్త ఎవరితోనూ వాదించలేదు. నమ్మిందో లేదో మాకూ తెలియలేదు.

కొన్నేళ్ళ కిందట ఊళ్ళో అమరవీరుల స్తూపం కట్టి మామ పేరు చెక్కారు. పక్కన ఒక పాత ఫిరంగిని తెచ్చి నిలబెట్టారు. 'యుద్ధంలో వాడినది' అని తప్ప బోర్డు మీద వివరం లేదు. మామ పనిచేసింది ఇలాంటి దాని మీదేనని ఎవరో అన్నారు. ఆ రోజు నుంచి అత్త ఆ దారి మానేసింది. బజారుకు కూడా చుట్టూ తిరిగి పోయేది. ఏటా దండ వేయమని పిలిస్తే ఏదో ఒక వంక చెప్పేది. ఒకసారి నేను పట్టుబట్టి అడిగాను.

"మీ మామను తిన్నదాని పక్కన నిలబడి దండ ఎట్ల ఏసేది పాపా" అంది.

నాకు మనసు ఊరుకోలేదు. ఆ ఫిరంగిని ఫోనులో ఫోటో తీసి, తెలిసిన మాజీ సైనికులందరికీ పంపాను. చేతులు మారి మారి ఆ ఫోటో కడపలో ఒక పెద్దాయనకు చేరింది. ఆయన మామతో పాటు ఒకే ఫిరంగి మీద పనిచేసినవాడు. మామది కర్నూలు వైపని తప్ప ఊరు తెలియక ఇన్నేళ్ళూ రాలేకపోయాడట. ఫోటో చూడగానే అది ఏ ఫిరంగో తనకు తెలిసిందనీ, అయినా వచ్చి వదిన ఎదురుగానే చెబుతాననీ అన్నాడు. ఆయన వచ్చి స్తూపం దగ్గర ఉన్నాడని చెప్పగానే అత్త దుకాణానికి తాళం వేసి నాతో బయలుదేరింది.

ఆయన చేతికర్ర ఊతంగా ఫిరంగి చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఇది మాది కాదు వదినా. ఇది విమానాలను కొట్టేది. నాలుగు చక్రాలు, సన్న గొట్టం, కొసన గరాటు ఉండాది చూడు. మాదానికి రెండే చక్రాలు. గొట్టం లావు. కింద ఇంత ఇనప పళ్ళెం ఉండేది."

అత్త ఆ ఫిరంగి వైపు ఒకసారి చూసింది. తర్వాత నెమ్మదిగా అడిగింది. "మరి ఆయన తప్పు చేస్తే గన్ను పేలిందంటారే?"

పెద్దాయన ఆమె వైపు వింతగా చూశాడు. "ఎవరన్నారు? మా గన్ను పేల్లేదు. అవతలోళ్ళ గుండు వచ్చి మా పక్కన పడింది. వానికి తగిలింది, నాకు తగల్లేదు. వాని చేతిలో పని యాపొద్దూ తప్పలేదు వదినా. వాడు పోయినాక కూడా ఆ గన్నుతోనే కొట్టినాము."

అత్త స్తూపం మెట్టు మీద కూలబడింది. కొంగుతో ముఖం తుడుచుకుని, పొద్దున ఏమన్నా తిన్నాడో లేదో ఆయన్ని అడిగింది. ఇంటికి తీసుకుపోయి ఉగ్గాని చేసి పెట్టింది.

ఆ తర్వాత ఏటా మొదటి దండ ఆమెదే. దుకాణానికి వచ్చినవాళ్ళకు కొలత తీసుకుంటూనే, మా ఆయన గన్ను పేల్లేదంట అని చెప్పేది. అడిగినవాళ్ళకూ చెప్పేది, అడగనివాళ్ళకూ చెప్పేది.

ఆ రోజు బస్సెక్కే ముందు పెద్దాయన మమ్మల్ని మళ్ళీ స్తూపం దగ్గరికి తీసుకుపోయాడు. ఖాళీ స్థలంలో కర్రతో మట్టి మీద గీతలు గీసి, ఇది మా గన్ను అనుకోమన్నాడు. ఎవరెవరు ఎక్కడ నిలబడేవారో చూపించాడు. "వాడు ఈడ" అని ఒక చోట కర్ర ఆనించాడు. అత్త చెప్పులు విడిచి, పోయి ఆ చోట నిలబడింది. ఆయన తన చోటికి పోయి నిలబడ్డాడు. ఇద్దరూ ఒకే వైపుకు తిరిగి, ఎండలో, చాలాసేపు అలాగే ఉండిపోయారు.